పాల్ కామెరర్: మంత్రసాని కప్ప మిగిల్చిన ప్రశ్న

శాస్త్రరంగమున గెలిచినవారి పేర్లు పాఠ్యగ్రంథములలో నిలుచును. ఓడినవారిని లోకము త్వరలోనే మఱచిపోవును. ఓడిపోయియు మఱపున పడనివారు మిక్కిలి అరుదు. అట్టివారిలో ఆస్ట్రియా దేశపు జీవశాస్త్రజ్ఞుడు పాల్ కామెరర్ ఒకడు. అఱచేతిలో ఇమిడెడు ఒక చిన్న కప్ప ఆయనకు రెండు ఖండములలో కీర్తి తెచ్చిపెట్టెను. ఆ కప్పయే చివరకు ఆయన పరువునకును ప్రాణమునకును ముప్పు తెచ్చెను. ఆయన మరణించినది 1926వ సంవత్సరమున. ఆయన సత్యవంతుడా, వంచకుడా అను వివాదము నాటినుండి నేటివఱకు తీఱలేదు. అయినను ఆయన ఎత్తిన ప్రశ్న, నదులును చెఱువులును ఏటేట వేడెక్కుచున్న ఈ కాలమున, మరల శాస్త్రజ్ఞుల యెదుట నిలిచినది. పరిసరములు వేడెక్కినపుడు నీటి ప్రాణి తన బ్రదుకు తీరును మార్చుకొనగలదా? మార్చుకొన్నచో ఆ మార్పు దాని సంతానమునకు సంక్రమించునా? ఈ రెండు చిన్న ప్రశ్నల చుట్టును ఒక మనుష్యుని జీవితమంతయు తిరిగెను.

కామెరర్ 1880 ఆగస్టు 17వ తేదీన వియన్నా నగరమున జన్మించెను. ఆనాటి వియన్నా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యమునకు రాజధాని. సంగీతమునకును, వైద్యమునకును, తత్త్వచర్చలకును ఆటపట్టు. కలిగిన కుటుంబమున పుట్టిన ఆ బాలునకు చిన్ననాడే రెండు విషయములయందు మక్కువ యేర్పడెను. ఒకటి సంగీతము, రెండవది కప్పలను, బల్లులను, సాలమండరులను పట్టి తెచ్చి పెంచుట. పెద్దవాడైన తరువాతను ఆయన ఈ రెంటిలో దేనిని విడువలేదు. సంగీత విద్యాలయమున సంగీతమును, విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రమును అభ్యసించెను. గీతములకు స్వరములు కూర్చెను. కచేరీలను గుఱించి విమర్శలు వ్రాసెను. తన కుమార్తెకు లాసెర్టా అను పేరు పెట్టెను. అది ఒక బల్లిజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు! ఆయన హృదయము ఎక్కడ లగ్నమై యుండెనో తెలియుటకు ఈ ఒక్క సంగతి చాలును.

ఆ రోజులలో వియన్నాలోని ప్రాటర్ ఉద్యానవనమున ఒక పాత భవనము ఉండెను. 1873లో జరిగిన ప్రపంచ ప్రదర్శన సందర్భమున దానిని జలచరముల ప్రదర్శనశాలగా కట్టించిరి. హాన్స్ ప్రిజిబ్రామ్ అను సంపన్నుడైన యువశాస్త్రజ్ఞుడు ఇద్దఱు వృక్షశాస్త్రజ్ఞులతో కలిసి దానిని కొని, 1903లో ప్రయోగాత్మక జీవశాస్త్ర పరిశోధనాలయముగా మార్చెను. జనులు దానిని వివేరియమ్ అని పిలిచిరి. చచ్చిన ప్రాణులను కోసి చూచుటతో తృప్తిపడక, బ్రదికియున్న ప్రాణులను తరతరములుగా పెంచుచు, వేడిమిని, తేమను, వెలుతురును కోరినట్లు మార్చి ఫలితములను గమనించుట ఆ సంస్థ ఆశయము. ఆనాటికి ఇది క్రొత్త మార్గము. ప్రాణులను పోషించుటలో నేర్పరియైన వ్యక్తికొఱకు వెదకుచున్న ప్రిజిబ్రామునకు కామెరర్ దొరకెను. ఇతరుల చేతిలో కొన్ని నెలలైనను బ్రదుకని సున్నితమైన ఉభయచరములు ఆయన చేతిలో పిల్లలను గూడ కనుచుండెను. ఈ నేర్పు ఆయనకు వరమును, శాపమును గూడ ఆయెను. ఏలయన, ఆయన చేసిన ప్రయోగములను మరల చేసి చూడబూనినవారికి ఆ ప్రాణులు బ్రదికెడివి కావు.

ఆయన పరిశోధన ప్రారంభించునాటికి జీవశాస్త్రమున ఒక మహావివాదము సాగుచుండెను. ఫ్రాన్సు దేశీయుడగు లామార్కు (1744–1829) జీవులు తమ జీవితకాలమున సంపాదించుకొన్న లక్షణములు సంతానమునకు సంక్రమించునని భావించెను. జర్మనీకి చెందిన వైస్మన్ (1834–1914) దానిని ఖండించెను. శరీరకణములు వేఱు, బీజకణములు వేఱు. శరీరమునకు కలిగిన మార్పు బీజమును అంటదు అని ఆయన సిద్ధాంతము. వరుసగా కొన్ని తరముల ఎలుకలకు తోకలు కోసి చూచినను, పుట్టిన పిల్లలకు తోకలు ఎప్పటివలెనే ఉండెను. 1900లో మెండెల్ నియమములు మరల వెలుగులోనికి వచ్చుటతో వైస్మన్ పక్షము బలపడెను. ఇంగ్లండులో ఆ పక్షమునకు నాయకుడు విలియమ్ బేట్సన్. ఇట్టి తరుణమున వియన్నానుండి ఒక యువకుడు కప్పల సాక్ష్యముతో ఎదురుపక్షమున నిలిచెను.

ఆ కప్ప పేరు మంత్రసాని కప్ప. స్పెయిన్, ఫ్రాన్సు, జర్మనీ, స్విట్జర్లండు దేశములలో ఇది నివసించును. కప్పలు సామాన్యముగా నీటిలో జతగూడి నీటిలోనే గ్రుడ్లు పెట్టుట మన మెఱుగుదుము. మంత్రసాని కప్ప అట్లు కాదు. అది నేలమీదనే జతగూడును. ఆడుకప్ప దండవలె పెట్టిన గ్రుడ్లను మగకప్ప తన వెనుకకాళ్లకు చుట్టుకొని కొన్ని వారములపాటు మోయును. అవి ఆఱిపోకుండ కాపాడును. గ్రుడ్లు పొదుగు సమయము సమీపింపగా నీటికి చేరి, తోకకప్పలను అందు విడుచును. కాన్పు చేయు మంత్రసానివలె మెలగును గనుక దానికి ఆ పేరు వచ్చినది.

కామెరర్ ఈ కప్పలను మామూలుకంటె ఎక్కువ వేడిమిలో, ఇంచుమించు 25 నుండి 30 డిగ్రీల సెంటిగ్రేడులో ఉంచెను. ప్రక్కన నీటితొట్టి నుంచెను. తాపమునకు ఓర్వలేక కప్పలు నీటిలో దిగి, అక్కడనే జతగూడ నారంభించెను. నీటిలో గ్రుడ్ల చుట్టునుండు జిగురు ఉబ్బిపోవుటచే అవి మగకప్ప కాళ్లకు అంటుకొనలేదు, నీటిలోనే ఉండిపోయెను. వానిలో పెక్కు నశించెను; కొన్ని మాత్రము బ్రదికెను. అట్లు బ్రదికినవాని సంతానమును తరతరములుగా పెంచి చూడగా, మామూలు పరిసరములకు తెచ్చిన తరువాతను అవి నీటిలోనే గ్రుడ్లు పెట్టుచున్నవని ఆయన ప్రకటించెను. ఇంతే గాక మఱియొక వింతను గూడ చెప్పెను. నీటిలో జతగూడు కప్పలలో మగవానికి ఆడుదానిని జాఱకుండ పట్టుకొనుటకై ముందుకాళ్లపై నల్లని గరుకు మెత్తలు ఏర్పడును. నేలపై జతగూడు మంత్రసాని కప్పకు వాని అవసరము లేదు. అయితే నీటికి అలవాటుపడిన కప్పల వంశమున కొన్ని తరములకు మగవానికి ఆ నల్లని మెత్తలు కనబడినవని ఆయన వ్రాసెను.

ఈ విషయమున కామెరర్ స్వయముగా పలికిన జాగ్రత్త మాట నొకదానిని ఆయన విరోధులును అభిమానులును గూడ తఱచుగా మఱచిరి. ఆ మెత్తలు పూర్వికుల లక్షణము మరల తలయెత్తుట కావచ్చుననియు, వానినిబట్టియే తన వాదము నిలువదనియు ఆయన ఒప్పుకొనెను. నల్లని మేనిపై పసుపుపచ్చని మచ్చలుగల సాలమండరుల రంగు పరిసరములనుబట్టి మాఱుట, కొండలపై నుండు నల్ల సాలమండరు, పల్లములలో నుండు మచ్చల సాలమండరు తమ ప్రసవరీతులను మార్చుకొనుట, చీకటి గుహల నీటిలో గ్రుడ్డిదై బ్రదుకు ప్రోటియస్ అను ప్రాణికి ఎఱ్ఱని వెలుతురులో పెంచినపుడు కన్ను వృద్ధిపొందుట, ఇట్లు ఆయన ప్రయోగములు పెక్కు. కాని లోకము చూపు నల్లని మెత్తలమీదనే నిలిచెను.

బేట్సనునకు ఈ ఫలితములయందు నమ్మకము కలుగలేదు. ఆయన 1910లో వియన్నాకు వచ్చి చూచెను, మెత్తలుగల కప్పను చూపుడని అడిగెను, తృప్తిపడక వెడలిపోయెను. కామెరర్ పద్ధతిలో లోపములు లేకపోలేదు. ఆయన తాను చేసిన ప్రయోగముల లెక్కలను సరిగా భద్రపఱచెడివాడు కాడు. సంగీతకర్త మాలర్ 1911లో మరణించిన తరువాత ఆయన భార్య ఆల్మా కొంతకాలము ఈ ప్రయోగశాలలో సహాయకురాలుగా పనిచేసెను. కామెరర్ తాను కోరిన ఫలితముకొఱకు ఎంతగా తహతహలాడెడివాడనగా, తనకు తెలియకయే సత్యమునుండి ప్రక్కకు జరుగగల స్వభావము కలవాడని ఆమె తరువాతి కాలమున తన స్వీయచరిత్రలో వ్రాసెను. శాస్త్రజ్ఞునకు ఇది చిన్న లోపము కాదు. ఉత్సాహము పరిశోధనకు ఇంధనము. కాని కొలబద్దను పట్టుకొను చేతికి అది ఉండరాదు.

ఇంతలో 1914లో మహాయుద్ధము వచ్చెను. ప్రయోగశాల పని కుంటుపడెను. కామెరర్ సైన్యపు ఉత్తరముల తనిఖీశాఖలో ఉద్యోగము చేయవలసివచ్చెను. పోషణలేక, తరతరములుగా పెంచిన కప్పల వంశము అంతరించెను. యుద్ధానంతరము సామ్రాజ్యము ముక్కలాయెను. ద్రవ్యోల్బణముచే ఆయన కుటుంబపు ఆస్తి కరగిపోయెను. ఆయన చేతిలో మిగిలినది నల్లని మెత్తలుగల ఒకే ఒక మగకప్ప, సీసాలో నిలువజేసిన కళేబరము. ఇన్ని సంవత్సరముల శ్రమకు సాక్ష్యము ఆ సీసా యొక్కటే.

జీవనోపాధికై ఆయన ఉపన్యాసకుడాయెను. 1923లో ఆ సీసాను వెంటబెట్టుకొని ఇంగ్లండు వెళ్లెను. ఏప్రిల్ 30న కేంబ్రిడ్జిలోను, మే 10న లండనులోని లిన్నియన్ సంఘమునందును ప్రసంగించెను. అక్కడి పండితులు కప్పను పరీక్షించిరి. ఆనాడు ఎవరును దొంగతనము కనిపెట్టలేదు. వార్తాపత్రికలు ఆయనను రెండవ డార్వినుగా చిత్రించి పెద్దక్షరములతో వార్తలు ప్రకటించెను. మనుష్యులు నేర్చిన మంచి బిడ్డలకు సంక్రమించునట, ఇక మానవజాతి ఒక్క తరములో బాగుపడునట అని పత్రికలు వ్రాయగా, శాంతివాదియు సామ్యవాదాభిమానియు నగు కామెరర్ ఆ ఆశను ఖండింపలేదు, ప్రోత్సహించెను గూడ. అమెరికాలో ప్రసంగించెను, 1924లో సంపాదిత లక్షణముల వారసత్వమును గుఱించిన ఆయన గ్రంథము న్యూయార్కులో వెలువడెను. బేట్సన్ మాత్రము తన పట్టు విడువలేదు. ఆ కప్పను లండనుకు పంపినచో తగిన రుసుము చెల్లించి పరీక్షించెదనని కోరెను. అమూల్యమైన ఆ ఒక్క సాక్ష్యమును దూరప్రయాణమునకు పంపుటకు ప్రిజిబ్రామ్ అంగీకరింపలేదు. 1926 ఫిబ్రవరిలో బేట్సన్ మరణించెను. తన అనుమానమునకు సమాధానము ఆయన చూడలేదు.

ఆ సమాధానము అదే సంవత్సరము వచ్చెను. న్యూయార్కులోని అమెరికన్ ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలలో సరీసృపముల విభాగాధికారియైన జి. కె. నోబుల్ వియన్నాకు వచ్చి, ప్రిజిబ్రామ్ అనుమతితో ఆ కప్పను సూక్ష్మముగా పరీక్షించెను. మెత్తలపై ఉండవలసిన గరుకు ముండ్లు లేవు. చర్మము క్రింద నున్న నలుపు సహజవర్ణము కాదు. చిత్రకారులు వాడెడి నల్లసిరా! 1926 ఆగస్టు 7వ తేదీ నేచర్ పత్రికలో ఈ సంగతి ప్రకటింపబడెను. అదే సంచికలో ప్రిజిబ్రామ్ గూడ ఆ నలుపు సిరాయే యని ఒప్పుకొనెను. పూర్వము మెత్తలుండెడివను నమ్మకమును మాత్రము విడువలేదు.

అప్పటికి కామెరర్ మాస్కోలో ప్రయోగశాల స్థాపించుటకు ఆహ్వానము పొంది, ప్రయాణసన్నాహములో ఉండెను. ఆయన తానుగా పోయి ఆ కప్పను పరిశీలించి, నోబుల్ చెప్పినది నిజమేనని గ్రహించెను. సెప్టెంబరులో మాస్కో పండితులకు ఒక లేఖ వ్రాసెను. సిరా సంగతి సత్యమే. కాని అది తాను చేసిన పని కాదు. ఎవరు చేసిరో తెలియదు. ఇట్టి స్థితిలో తాను ఆ పదవికి తగనని అందు తెలిపెను. 1926 సెప్టెంబరు 23వ తేదీన, వియన్నాకు దూరముగా ష్నేబెర్గు పర్వతప్రాంతమునందలి పుఖ్‌బెర్గు వద్ద, తన ప్రాణమును తానే తీసికొనెను. అప్పటికి ఆయన వయస్సు నలుబదియాఱు సంవత్సరములు. లోకము ఆ మరణమును నేరాంగీకారముగా భావించెను. అట్లు భావించుట న్యాయము కాదు. అప్పులు, అవమానము, కుటుంబపు చిక్కులు, జీవితాంతము శ్రమించి కట్టిన మేడ ఒక్కసారిగా కూలుట, ఇవన్నియు ఆయన మనస్సును క్రుంగదీసియుండును. నిరపరాధి గూడ క్రుంగిపోగలడు.

సిరా ఎవరు పూసిరి? కామెరరే అని కొందఱు. మాసిపోవుచున్న గుర్తులను స్పష్టపఱచుటకు ఎవరో సహాయకుడు అత్యుత్సాహముతో చేసెనని కొందఱు. ఆయన రాజకీయములను ద్వేషించిన శత్రువులు కుట్ర చేసిరని మఱికొందఱు. 1928లో సోవియట్ దేశమున విద్యామంత్రి లూనచార్‌స్కీ ఈ కథను కుట్రగా అల్లి సాలమండరు అను చలనచిత్రమునకు కథ సమకూర్చెను. 1971లో ఆర్థర్ కోస్ట్లర్ మంత్రసాని కప్ప వ్యవహారముపై ఒక గ్రంథము వ్రాసి కామెరర్ పక్షమున వాదించెను. ఏ వాదమును నిరూపింపబడలేదు. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించినపుడు యూదులైన శాస్త్రజ్ఞులను వివేరియమునుండి వెడలగొట్టిరి. ప్రిజిబ్రామ్ 1944లో తెరేజియెన్‌స్టాట్ నిర్బంధశిబిరమున మరణించెను. 1945 ఏప్రిలులో యుద్ధపుటగ్నిలో ఆ భవనము గూడ దగ్ధమాయెను. సాక్షులు, సాక్ష్యములు అన్నియు నశించెను.

ప్రశ్న మాత్రము నశించలేదు. అయితే చాలకాలము దాని పేరెత్తుట శాస్త్రజ్ఞులకు అపకీర్తికరమాయెను. సోవియట్ దేశమున లైసెంకో అధికారబలముతో జన్యుశాస్త్రమును అణచి, 1948లో తన మతమునే రాజమతము చేసుకొనుట ఆ అపకీర్తిని మఱింత పెంచెను. ఇంతలో 1942లో బ్రిటిషు శాస్త్రజ్ఞుడు కాన్రాడ్ వాడింగ్టన్ ఎపిజెనెటిక్స్ అను పదమును వాడుకలోనికి తెచ్చెను. జన్యువులు తమ పరిసరములతో కలిసి శరీరమును ఎట్లు రూపొందించునో తెలుపు శాస్త్రము అని దాని మొదటి భావము. తరువాతి కాలమున దాని లోని యంత్రాంగము కొంత తెలియవచ్చెను.

విద్యార్థులకు దీనిని సంగీతమునుండియే చెప్పవచ్చును. ఒక కృతి సాహిత్యమును స్వరమును అందఱికిని ఒకటే. అయినను ఏ సంగతి పాడవలయును, దేనిని విడువవలయును అని గాయకుడు తన ప్రతిలో గుర్తులు పెట్టుకొనును. కృతి మాఱదు, పాట మాఱును. అట్లే డి.ఎన్.ఏ. యందలి అక్షరముల వరుస మాఱకయే, దానిపై మిథైల్ అను చిన్న రసాయన బృందములు అంటుకొనుటచేతను, డి.ఎన్.ఏ. చుట్టుకొనియుండు హిస్టోను మాంసకృత్తులలోని మార్పులచేతను కొన్ని జన్యువులు మూగవోవును, కొన్ని పలుకును. వేడిమి, ఆహారము, శత్రుభయము మున్నగునవి ఈ గుర్తులను మార్చగలవు. ఆ గుర్తులలో కొన్ని బీజకణములద్వారా తరువాతి తరమునకు చేరుటయు కొన్ని ప్రాణులలో కనబడినది.

2009లో చిలీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ వర్గాస్ కామెరర్ పాత పట్టికలను మరల పరిశీలించి ఒక విశేషమును ఎత్తిచూపెను. నీటికి అలవాటుపడిన కప్పను మామూలు కప్పతో జతపఱచినపుడు, ఆ అలవాటు తండ్రివైపునుండి వచ్చినదా, తల్లివైపునుండి వచ్చినదా అనుదానినిబట్టి ఫలితము మాఱినట్లు కామెరర్ వ్రాసియుండెను. ఇట్టి తేడాలు నేడు ఎపిజెనెటిక్ వారసత్వమున ఎఱిగినవే. ఆనాడు వీనిని ఊహించి కల్పించుట ఎవరికిని సాధ్యము కాదని వర్గాస్ వాదము. శాస్త్రచరిత్రకారులు కొందఱు దీనిని అంగీకరింపలేదు. కామెరర్ లెక్కలు అంత భారము మోయలేవని వారి అభిప్రాయము. మఱియొక వివరణము గూడ కలదు. నీటబడిన గ్రుడ్లలో పెక్కు నశించి, కొన్నియే బ్రదికినవి గదా! నీటికి ఓర్చుకొను జన్యువులు ముందే కలిగినవి మాత్రమే మిగిలియుండవచ్చును. అప్పుడది లామార్కు చెప్పిన మార్గము కాక, డార్విన్ చెప్పిన ఎంపికయే యగును. ఈ రెండు మార్గములను వేఱుచేసి చూపునట్టి పరీక్ష కామెరర్ చేయలేదు.

ఆ పరీక్షలు నేడు మంచినీటి ప్రాణులపై జరుగుచున్నవి. భూతలమున నూటికి ఒక వంతుకంటె తక్కువ స్థలమును ఆక్రమించు మంచినీరు చేపజాతులలో ఇంచుమించు సగమునకు నివాసము. వీని శరీరపు వేడిమి నీటి వేడిమియే. 10 డిగ్రీల నీటిలో లీటరునకు దాదాపు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగా, 30 డిగ్రీల నీటిలో 7.5 మిల్లీగ్రాములే యుండును. వేడి పెరిగినకొలది ప్రాణికి ఊపిరి అవసరము హెచ్చును. నీటిలో ఊపిరి తగ్గును. సముద్రపు చేప చల్లని తావునకు ఈదిపోగలదు. చెఱువులోని చేప ఎక్కడికి పోగలదు? అది ఉన్నచోటనే మాఱవలయును, లేదా నశింపవలయును.

నీటియీగ యని పిలువదగిన డాఫ్నియా అను అతిసూక్ష్మప్రాణి ఇందుకు మంచి సాక్షి. శత్రువుల వాసన సోకిన తల్లి డాఫ్నియాలకు పుట్టిన పిల్లలు, తామా వాసన నెఱుగకున్నను, తలపై పెద్ద శిరస్త్రాణము వంటి కొమ్ముతో పెరుగునని 1999లో ప్రకటింపబడెను. ఇవి మగజాతి సహాయము లేకయే తల్లిని పోలిన పిల్లలను కనును గనుక జన్యువులు మాఱినవనుటకు వీలులేదు. మఱియొక పరిశోధనయందు ఇంగ్లండులోని ఫెల్‌బ్రిగ్ సరస్సు అడుగుబురదలో దశాబ్దములుగా నిద్రించిన డాఫ్నియా గ్రుడ్లను మేల్కొలిపిరి. 1960 ప్రాంతపు గ్రుడ్లనుండి వచ్చినవానికంటె 2000 ప్రాంతపు గ్రుడ్లనుండి వచ్చినవి వేడిని ఎక్కువగా ఓర్చుకొన్నవని 2015లో తెలిసెను. ఇది జన్యువుల ఎంపికచే కలిగిన మార్పు. ఒకే ప్రాణియందు రెండు మార్గములును పనిచేయుచున్నవన్నమాట.

ఈ మార్పులన్నియు మేలే చేయునని తలంపరాదు. ఎఱ్ఱచెవి తాబేలు గ్రుడ్లు 26 డిగ్రీల వేడిమిలో మగపిల్లలుగను, 32 డిగ్రీలలో ఆడుపిల్లలుగను పొదుగును. హిస్టోను గుర్తులను తొలగించు ఒక జన్యువే ఈ మీటను నడుపుచున్నదని 2018లో కనుగొనిరి. ఒక ప్రాంతము మితిమీరి వేడెక్కినచో ఒకే లింగపు పిల్లలు పుట్టి వంశము ఆగిపోవు ప్రమాదము కలదు. మన దేశపు ఏఱులలో సహజముగా బ్రదుకు చారల చేప, జీబ్రాఫిష్, పిండదశలో తగిలిన వేడిమిని పెద్దదైన తరువాతను మఱవదు. ఆ దశలోని వేడిమినిబట్టి, తరువాత నీటి వేడిమి మాఱినపుడు సర్దుకొని ఈదగల శక్తి హెచ్చుతగ్గులగును. ఇట్లు గుర్తుంచుకొను శక్తి ప్రాణికి కొంత గడువు నిచ్చును. గడువు వేఱు, విముక్తి వేఱు. 1970కిని 2020కిని మధ్య, లెక్కలో నున్న మంచినీటి వెన్నెముక ప్రాణుల సంఖ్యలు సగటున 85 శాతము తగ్గినవని 2024లో వెలువడిన ప్రపంచ వన్యప్రాణి నిధి నివేదిక తెలిపెను. ఆనకట్టలు, కలుషములు, అతివేట, వ్యాధులు, వేడిమి కలిసి ఈ నష్టమును కలిగించుచున్నవి.

మంత్రసాని కప్పకు గూడ ఆ ముప్పు తప్పలేదు. స్పెయిన్ మధ్యభాగమున పెన్యాలారా పర్వతముల చెఱువులలో 1997లో ఈ కప్పపిల్లలు గుంపులు గుంపులుగా చచ్చిపడియుండుట కనుగొనిరి. చర్మమునకు పట్టు ఒక బూజుతెగులు దానికి కారణము. ఆ కొండలు వేడెక్కుటకును తెగులు చెలరేగుటకును సంబంధము కలదని తరువాతి పరిశోధకులు చూపిరి. ఒకనాడు వియన్నాలో గాజుతొట్టిలో వేడిమికి తట్టుకొనలేక నీటిలో దూకిన కప్పకు, నేడు తన సొంత కొండలలోని నీరే భద్రమైన ఆశ్రయము కాకున్నది.

కామెరర్ జీవితమునుండి ఉపాధ్యాయుడు విద్యార్థికి చెప్పదగినది ఏమి? ప్రశ్న మంచిదగుట వేఱు, సాక్ష్యము మంచిదగుట వేఱు. ఆయన ప్రశ్న మంచిది. కాలము దానిని సమర్థించినది. ఆయన సాక్ష్యము ఒక సీసాకును, ఒక కప్పకును, ఒక మనుష్యుని మాటకును కుదించుకొనిపోయినది; అందుచే అది ఒక సిరాచుక్కకు కూలినది. దినదినపు లెక్క వ్రాసి భద్రపఱచుట, ఒక్క నమూనాతో తృప్తిపడక పది నమూనాలను నలుగురికి పంచుట, విరోధి అడిగినపుడు వెంటనే చూపుట అను మూడు చిన్న అలవాట్లు ఉండియుండినచో, ఆయన గెలిచినను ఓడినను గౌరవముతో జీవించియుండెడివాడు. ఆయన విరోధులకు గూడ ఒక పాఠము కలదు. సిరా దొరకిన నాడు వారు కప్పతోపాటు ప్రశ్నను గూడ పాఱవేసిరి. దానిని మరల ఏరుకొనుటకు శాస్త్రమునకు అనేక దశాబ్దములు పట్టినది. ఆ ప్రయోగమును మొదటినుండి చివరివఱకు తరతరముల లెక్కతో మరల చేసి తేల్చినవారు నేటికిని లేరు. ఓపికయు నేర్పును నిష్పాక్షికతయు కలిగిన ఏ యువశాస్త్రజ్ఞుడో, శాస్త్రజ్ఞురాలో ఆ పని పూర్తిచేయువఱకు పాల్ కామెరర్ వ్యవహారము తీర్పు లేని వ్యవహారముగనే ఉండును.